ఒంటిగంటన్నర కబురు

కోడలు పోయి పదకొండు రోజులైనా అత్తగారి కంట చుక్క నీరు రాలేదు.

ఈ మాట విని ఏవేవో ఊహించుకోకండి. ఆ కోడలు ముప్ఫై నాలుగేళ్ల మగవాడు, ప్రోగ్రామరు. ఆ అత్తగారు అతనికంటే నాలుగేళ్లు పెద్దది, పక్క కుర్చీలో కూర్చునే టెస్టరు. అతను రాసిన ప్రతిదానికీ వంక పెట్టడమే ఆవిడ ఉద్యోగం. వండేది ఒకరు, ఉప్పెక్కువైందనేది ఇంకొకరు. ఆఫీసులో వాళ్లు చూస్తూ ఊరుకుంటారా? మొదటి నెలలోనే ఆవిడకి అత్తగారనీ, అతనికి కోడలనీ పేర్లు పెట్టేశారు. అతను మీసం దువ్వుకుంటూ, "కాస్త కనికరించండి అత్తగారూ, కొత్త కాపురం కదా" అనేవాడు. ఆరేళ్లు గడిచాక కాపురం పాతబడింది గానీ పేర్లు పాతబడలేదు.

బస్టాపుల్లో బోర్డులు వేలాడుతుంటాయి కదా, ఫలానా నంబరు బస్సు ఇంకో ఏడు నిమిషాల్లో వస్తుందని ఎర్రటి అక్షరాలు పాకుతుంటాయి. ఆ అక్షరాల వెనక ఉన్న బుర్ర అతనిది. ప్రోగ్రామంటే బ్రహ్మవిద్యేమీ కాదు, యంత్రానికి రాసిచ్చే పనుల చీటీ. యంత్రం లాంటి విధేయురాలు లోకంలో ఉండదు. చీటీలో ఉన్నది చేస్తుంది, లేనిది చెయ్యదు. ఎప్పుడు ఆపాలో రాయలేదా, ఇక ఎప్పటికీ ఆపదు.

ఈ సంగతి వాళ్లకి మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ఒక సాయంత్రం అత్తగారు చేతి గడియారం, పుస్తకం పట్టుకుని ఒక స్టాపులో నిలబడి బోర్డును పరీక్షిస్తోంది. ఆ దారిలో ఆఖరి బస్సు వెళ్లిపోయి గంటయింది. బోర్డు మాత్రం 'ఇంకో మూడు నిమిషాలు' అంటూనే ఉంది. దాన్ని నమ్మి ఒక ముసలాయన గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చివరికి ఆయన గొడుగుతో బోర్డును చూపిస్తూ, "నీ నోట్లో మన్ను పొయ్య, ఏ మూడు నిమిషాలే?" అని తిట్టాడు. మర్నాడు కోడలికి ఆ తిట్టు అక్షరం పొల్లుపోకుండా అందింది. అప్పటినుంచీ అతను ఏది రాసి చూపించినా అత్తగారి మొదటి ప్రశ్న ఒకటే.

"బాగానే ఉంది గానీ, ఇదెప్పుడు ఆగుతుంది?"

వాళ్లకొక తప్పుల పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయిన పొడుగాటి గీతల పుస్తకం. ఎడమ పేజీ అతనిది. పని ఆవిడ చేతికిచ్చే ముందు, అందులో తనకు తెలిసిన లోపాలన్నీ తనే రాసుకోవాలి. అలా ఒప్పుకున్నదానికి తిట్లు లేవు. కుడి పేజీ ఆవిడది. అతను చెప్పకుండా దాచినదో, చూసుకోనిదో ఆవిడకి దొరికితే అక్కడ రాస్తుంది. దాని పక్కన గడిలో అతను 'నాదే' అని రాసి సంతకం పెట్టాలి. అతను ఒక్కనాడూ ఇది నాది కాదు, యంత్రానిదీ, బస్సుదీ అని దబాయించలేదు. మొగుడి మాటకన్నా ఆ ఎడమ పేజీకి ఎక్కువ విలువిచ్చేది అత్తగారు. "లోకంలో తన తప్పు తనే ముందు చెప్పే మగాణ్ణి ఒక్కణ్ణే చూశాను" అని ఇంట్లో అంటే, మొగుడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు కూడా.

ఇక మెట్ల సంగతి. ఆఫీసు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఉంది. కానీ పొద్దున్నే కింద టీ తాగాక, ఎవరు ముందు పైకెక్కుతారా అని ఇద్దరికీ పోటీ. ఓడినవాళ్లు రెండు సీసాల్లోనూ నీళ్లు పట్టాలి. ఐదేళ్లు అతనే గెలిచాడు. ఆఖరి ఏడాది ఎందుకో వరసగా ఓడిపోవడం మొదలెట్టాడు. అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఏమ్మా కోడలు పిల్లా, అప్పుడే ముసలితనమా?"

"మోకాలండీ అత్తగారూ. గిలకలో ఇసక పడ్డట్టుంది."

"మోకాలికి నూనె రాయి. నాలిక్కి మాత్రం అక్కర్లేదులే, బాగానే తిరుగుతోంది."

ఆరోజు కూడా అంతే. మూడో అంతస్తు మలుపులో అతను మెట్టు మీద కూర్చున్నాడు. "మీరు పదండి, వస్తా" అన్నాడు. ఆవిడ ఎక్కేసి, పైనుంచి వంగి "ఓడిపోయావోచ్!" అని కేకేసింది. ఖాళీ సీసాలు అతని బల్ల మీద వరసగా పేర్చి, వస్తే ఏం అనాలో మాటలు కూర్చుకుంటూ కుర్చీలో కూర్చుంది. ఎవరో మెట్ల మీద అరిచేదాకా అలాగే కూర్చుంది.

గుండె ఉన్నట్టుండి ఆగిపోయిందన్నారు. ఉన్నట్టుండి అన్న మాటను అత్తగారు గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి వచ్చేదాన్ని ఎవరు మాత్రం పసిగడతారు?

పదకొండో రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అతని అక్క వచ్చింది. వేరే ఊళ్లో బట్టలు కుడుతుంది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, ఆ కుట్టుమిషను మీదే తమ్ముణ్ణి చదివించి ఇంతవాణ్ణి చేసింది. కొలత టేపు మెడలోంచి తియ్యడం కూడా మరిచి బస్సెక్కినట్టుంది. తమ్ముడి జేబులో దొరికిన తాళాల గుత్తి చేతిలో ఉంది. అతని సామాను తీసుకెళ్లడానికి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఆవిడ సామాను వంక చూడనే లేదు.

"పక్క కుర్చీలో కూర్చునేది నువ్వేనా?"

"అవునక్కా. కూర్చోండి, మంచినీళ్లు..."

"నీళ్లు తర్వాత. నీకు నేనేం ద్రోహం చేశానమ్మా? పద్నాలుగు నెలలు నిన్ను నా కడుపున పుట్టినదానిలా అనుకున్నానే! చచ్చిపోయినవాడు మాత్ర వేసుకున్నాడని నాకు రోజూ మెసేజ్ పెడతావా? అదేం పరాచికం?"

అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "నేనా? మీ నంబరే నాకు తెలియదక్కా."

అక్క సంచిలోంచి ఫోను తీసి మొహం ముందు పెట్టింది. 'తమ్ముడి ఆఫీసమ్మాయి' అని పేరు. దాని కింద రోజుకొకటి చొప్పున వందల మెసేజులు. ఈరోజు విసుక్కున్నాడు గానీ వేసుకున్నాడక్కా. మొండిఘటం, నా మాట కాదంటాడా, వేసుకున్నాడు. లిఫ్టులోనే ఎక్కిస్తున్నానక్కా, మీరు నిశ్చింతగా ఉండండి. నిన్నటిది కూడా ఉంది. మా కోడలు పిల్ల బుద్ధిగా వేసుకుందక్కా.

అత్తగారు ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివింది. ఆ మాటలు తనవే. తను రోజూ ఆ కుర్చీలో కూర్చుని అనే మాటలే. మొండిఘటమని అతన్ని రోజుకు పదిసార్లు తిట్టేది.

"ఏం మాత్రక్కా?" అంది.

"ఏం మాత్రేంటి! గుండెకి. కండరం నీరసించింది, మధ్యాహ్నం భోజనం కాగానే మాత్ర వేసుకోవాలి, మెట్లెక్కకూడదు అని డాక్టరు చెప్పి పద్నాలుగు నెలలైంది. నేను కొట్టుకి తాళం వేసి వచ్చేస్తా, వండిపెడతా అన్నాను. వద్దక్కా, ఆఫీసులో ఒకావిడుంది, డేగలా కనిపెట్టుకుని ఉంటుంది, రోజూ నీకు కబురు చెబుతుంది అన్నాడు. నిన్ను నమ్మే కదా నేను రాలేదు! ఫోన్ చేస్తే ఎత్తవు, రాస్తే జవాబివ్వవు. పనిలో ఉంటావులే అని సరిపెట్టుకున్నా. అంతా తెలిసీ ఆ పూట వాణ్ణి మెట్లెలా ఎక్కనిచ్చావు?"

అత్తగారి రెండు చేతులూ బల్ల మీదున్నాయి. ఎక్కనివ్వడమా? తనే కదా ఎక్కించింది. ఏడాది పాటు, రోజూ, వెక్కిరించి మరీ.

"నాకు చెప్పలేదక్కా" అంది చివరికి.

"మా వాడు అబద్ధమాడే రకం కాదు."

"నేనూ అలాగే అనుకున్నా."

అంతలో అక్క చేతిలోని ఫోను టింగుమంది. గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. తెర మీద కొత్త కబురు. భోంచేశాడు, మాత్ర వేసుకున్నాడక్కా.

అక్క ఫోనుకేసి చూసింది. బల్ల మీద కదలకుండా ఉన్న ఆ రెండు చేతులకేసి చూసింది.

అత్తగారు చెయ్యి చాచింది. "ఆ తాళాలు ఇలా ఇవ్వండక్కా."

అతని బల్లకు కింది సొరుగుంది, ఎప్పుడూ తాళం వేసే ఉండేది. తీస్తే లోపల ఒక పాత ఫోను, ఇంకా వెలుగుతూ. బోర్డుల పరీక్షకని ఆఫీసులో అలాంటి ఫోన్లు బోలెడు తిరుగుతుంటాయి, ఎవరికీ అనుమానం రాదు. దానికి తగిలించిన తీగ సొరుగు వెనక నుంచి అతని కంప్యూటర్లోకి పోయింది. ఫోను పక్కన డాక్టరు కాగితాలు. వాటి కింద మాత్రల అట్టలు, రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టలుగా. పై రెండు అట్టలు ఖాళీ. మిగతావాటిలోంచి ఒక్క మాత్ర కూడా తియ్యలేదు.

అక్క ఆ కట్టల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోంది, పని సాగట్లేదని మొదట్లో నసిగాడు" అంది. "తర్వాత అలవాటైపోయిందన్నాడు."

ఆఫీసు కంప్యూటర్లను చూసుకునే పెద్దాయన వచ్చి అతని కంప్యూటర్ తెరిచాడు. కొత్త మనిషి వచ్చేదాకా ఆపొద్దని పైవాళ్లు చెప్పబట్టి అది పదకొండు రోజులుగా నడుస్తూనే ఉంది. బస్సుల ప్రోగ్రాముల మధ్యలో, ఏ గొడవా లేకుండా ఒక చిన్న ప్రోగ్రాము దొరికింది. రోజూ ఒంటిగంటన్నరకు లేచి, ముప్ఫై ఒక్క వాక్యాల్లో ఆ తేదీదొకటి తీసి అక్కకు పంపి మళ్లీ పడుకుంటుంది. వాక్యాలన్నీ అత్తగారివే. ఎంత శ్రద్ధగా ఏరుకున్నాడో! ఆవిడ చివరిదాకా చదివింది. ఆరేళ్లుగా అతని ప్రతి పనిలోనూ దేనికోసం వెతికేదో దానికోసమే వెతికింది. అది లేదు.

"ఆపు లేదు" అంది. "ఎప్పుడు ఆగాలో రాయలేదు. వాడి పనిలో నేను మొదట అడిగేది అదే. ఇది నాకు చూపించలేదు కదా, అడగలేకపోయాను."

"మరిచిపోయుంటాడమ్మా" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"మరుపు కాదండీ. పోతాననుకోలేదు. నా పేరు మీద అక్కని నమ్మించాడు, మోకాలి పేరు మీద నన్ను నమ్మించాడు, చివరికి తనే అదంతా నమ్మేశాడు."

"ఆపెయ్" అంది అక్క.

అత్తగారు ఆ ప్రోగ్రాము ఆపేసింది. సొరుగులో ఫోను తీగ లాగేసింది. తర్వాత తప్పుల పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది. ఎడమ పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. పద్నాలుగు నెలల పేజీలు. వానొస్తే అక్షరాలు మసకబారుతున్నాయని ఒప్పుకున్నాడు. సున్నా ఒకటి ఎక్కువ పడిందని ఒప్పుకున్నాడు. ఎవరికీ ఎప్పటికీ కనపడని చుక్క తేడా కూడా ఒప్పుకున్నాడు. ఇంత నిజాయితీపరుడు! ఆవిడకి ఆ పుస్తకాన్ని చింపి పోగులు పెట్టాలనిపించింది. చింపలేదు. కుడి పేజీలో, పాత తప్పుల కింద, ఎప్పటిలాగే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఒంటిగంటన్నర కబురు. ఆపు లేదు.

పక్కన సంతకం గడి ఖాళీ.

అదేమిటని అక్క అడిగితే చెప్పింది. విని అక్క, "వాడి బదులు నేను పెట్టనా?" అని చెయ్యి చాచింది.

"వద్దక్కా. నా పేరు వాడుకున్నది చాలు, మీదీ ఎందుకు."

సామాను పెద్దగా లేదు. ఒక చొక్కా, చెప్పులు, రెండు నీళ్ల సీసాల్లో ఒకటి. లిఫ్టు తలుపు తెరుచుకుంది గానీ అక్క ఎక్కలేదు. "ఎక్కడో చూపించు" అంది. ఇద్దరూ మెట్ల దారిన ఒక అంతస్తు దిగారు. మూడో అంతస్తు మలుపులో కిటికీ ఉంది, అందులోంచి బస్టాపు, దాని బోర్డు కనిపిస్తాయి. అతను కూర్చున్న మెట్టు మీదే అక్క కూర్చుంది. అత్తగారు పై మెట్టు దగ్గర నిలబడిపోయింది. ఆరోజు కేకేసిన చోటు అక్కణ్ణుంచి చూస్తే ఇంకా పైన, ఎంతో దూరం లేదు. ఒక్క అంతస్తు దిగి వచ్చి ఉంటే సరిపోయేది.

దిగి వచ్చి అక్క పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"నాకు మోకాలని చెప్పాడక్కా."

అక్క మెడలో టేపును వేలికి చుడుతూ, విప్పుతూ, కిటికీలోంచి బోర్డు వైపే చూస్తోంది.

"నాకు నువ్వున్నావని చెప్పాడు."