నడవనిచ్చినందుకు కృతజ్ఞతలు

మా ఓర్‌బ్రూక్ పోస్టాఫీసులో నా కౌంటరు మీద ఒక కరపత్రాల కట్ట ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో 'నాలుగున్నర మైళ్లు. మధ్యస్థం. వలయాకారం' అని ఉంటుంది. రాసింది క్లెమెంట్ స్టిక్‌లాండ్. ఆయన బతుకంతా ఆ ముక్కల్లోనే సరిపోతుందని నేను చాలా ఏళ్లు నవ్వుకున్నాను. ఆయన తాగే టీ మధ్యస్థం, ఆయనకొచ్చే కోపం మధ్యస్థం. ఆదివారం ఎక్కడ బయల్దేరితే అక్కడికే చేరతాడు.

ముప్పైరెండేళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసిన మనిషి. తలుపు తట్టడం, రెండడుగులు వెనక్కి వేయడం, టోపీ తీసి "లోపలికి రావచ్చాండీ?" అనడం. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. "మా పెళ్లినాడు చర్చి గుమ్మంలో కూడా అదే అడిగాడు. పాదిరిగారు కాదంటే ఇంటికెళ్లిపోయేవాడే" అంటుంది ఆయన భార్య ఎనిడ్. అతి వినయం ధూర్త లక్షణమంటారు గానీ, ఈయన దగ్గర ఆ సామెత కూడా ఓడిపోయింది.

ఆయన ప్రతి ఆదివారం తన నడక బృందాన్ని వెంటేసుకుని పబ్బు ముంగిట బయల్దేరేవాడు. ముందు ఇసుక మిట్ట ఎక్కి, ఊదారంగు పొదల మధ్యనుంచి, ఎండ కాచుకునే పాములకు దారిచ్చి, అవతలి వైపు దిగాలి. తరువాత చిత్తడి. అక్కడ చెక్క పలకల మీదే నడవాలి, అడుగు తప్పితే బూటు బురదకు సమర్పణం. చివర ట్రెవెట్ గారి పచ్చిక. అది ఆరువందల గజాలే, కానీ అది దాటితేనే మళ్లీ పబ్బు చేరతాం. అది లేకపోతే వలయమే లేదు. ఇరవై ఆరేళ్లు ఆ వలయం ఒక్క వారం తెగలేదు.

ముసలి ట్రెవెట్ పోయాడు. పట్నం నుంచి అన్నకొడుకు జైల్స్ దిగాడు. దిగిన నెలకే పచ్చికకు గేటు, గేటుకు తాళం, తాళం పక్కన 'సొంత భూమి' అని బోర్డు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని ఊరికే అన్నారా!

ఆశ్చర్యమేమిటంటే క్లెమెంట్ తిరగబడ్డాడు. మా దేశంలో ఒక చట్టముంది. దాక్కోకుండా, కంచె విరవకుండా, ఎవరి అనుమతీ లేకుండా జనం ఇరవయ్యేళ్లు ఒక దారిన నడిస్తే, ఆ దారి జనానిదే. ఆయన నలభైమంది చేత కాగితాలు రాయించాడు. నేనీ ఊరొచ్చి పదకొండేళ్లే కాబట్టి నా కాగితం పనికి రాలేదు. పనికొచ్చినవాళ్లందరూ ఆయన బృందంతో నడిచినవాళ్లే.

"గెలుస్తామంటారా?" అన్నాను.

"దారి లేకపోతే ఆదివారాలు ఏం చేసుకోను చెప్పండి?" అన్నాడు. ఆ గొంతు మధ్యస్థంగా లేదు. నాకు భయమేసింది.

విచారణ ఊరి హాల్లో. కుర్చీలు వేసింది క్లెమెంటే. బిస్కెట్లు పెట్టిందీ ఆయనే. అవతలి లాయరుకు మొదటి కప్పు టీ ఇచ్చిందీ ఆయనే! "ఆయన మన శత్రువు క్లెమ్" అని ఎనిడ్ పళ్లు నూరింది. "దూరం నుంచి వచ్చాడు కదే" అన్నాడీయన.

ఆ లాయరు టీ తాగి, మూతి తుడుచుకుని, ఒక అట్టపెట్టె తెరిచాడు. అందులో ముసలి ట్రెవెట్ దాచుకున్న ఇరవై ఆరు క్రిస్మస్ కార్డులు. పైకెత్తి ఒకటి చదివాడు. "'ఈ ఏడాది కూడా మమ్మల్ని మీ పచ్చిక మీదుగా నడవనిచ్చినందుకు మా బృందం తరఫున కృతజ్ఞతలు.' ఇది మీ రాతేనా?"

"నాదేనండీ."

నేను తల పట్టుకున్నాను. ఆఖరి పదకొండింటికీ స్టాంపులమ్మినదాన్ని నేనే. మర్యాదంటే అదీ అని పొంగిపోయినదాన్నీ నేనే.

విచారణాధికారి తెల్లజుట్టు ఆవిడ. కళ్లజోడు తీసి నెమ్మదిగా అడిగింది. "కృతజ్ఞత చెప్పడం అనుమతి అడగడం కాదు, స్టిక్‌లాండ్ గారూ. అది మీ మర్యాద. అవతలి నుంచి అనుమతి వచ్చిందా అన్నదే నాకు కావాలి. ట్రెవెట్ గారు ఎప్పుడైనా జవాబిచ్చారా?"

ట్రెవెట్ రాసిన జవాబులేవీ లాయరు దగ్గర లేవు. పోయినవాడు లేచొచ్చి చెప్పడు. లేదు అని ఒక్క మాటంటే దారి మనది. ఎనిడ్ ఆయన మోచేతిని గిల్లడం నాకు కనబడుతూనే ఉంది. అను నాయనా, జీవితంలో ఒక్కసారి అబద్ధమైనా ఆడు అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను.

క్లెమెంట్ చేతిలోని టోపీని ఒక చుట్టు తిప్పాడు.

"ఇచ్చేవారండీ. ప్రతి ఏడాదీ. 'మీరంతా వచ్చే ఏడు కూడా తప్పక రండి' అని రాసేవారు. చాలా మంచి మనిషి. ఆ కార్డులు మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. కావాలంటే తెస్తాను."

"మాకక్కర్లేదు" అన్నాడు లాయరు. వాడిక్కూడా కొంచెం సిగ్గేసినట్టుంది.

తీర్పుకు రెండు నెలలు పట్టింది గానీ, ఓడిపోయామని మాకు ఆ పూటే తెలిసిపోయింది. బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "కొంప ముంచారు కదండీ!"

"ఆయన రాసింది నిజమే కదండీ. పోయినవాణ్ణి పట్టుకుని పలకని మనిషని ఎలా అంటాను?"

"సత్యహరిశ్చంద్రుడు" అని తిట్టుకుంటూ ఇంటికెళ్లాను. ఇంత మంచివాడి మీద ఇంత కోపం రావడం నాకదే మొదలు.

డిసెంబరులో జైల్స్ నుంచి కార్డొచ్చింది. క్లెమెంట్ అది కౌంటరు మీద పెట్టి నాకు చూపించాడు. 'మీ నిజాయితీకి ముగ్ధుణ్ణయ్యాను. మీరొక్కరు ఎప్పుడు కావాలన్నా మా పచ్చికలో నడవవచ్చు. తాళంచెవి జత చేస్తున్నాను.'

చిన్న ఇత్తడి తాళంచెవి. ఆయన దాన్ని రుమాల్లో చుట్టి, కవరులో పెట్టి, జవాబు రాశాడు. మూడు కాగితాలు చించి నాలుగోది ఖాయం చేశాడు. 'చాలా కృతజ్ఞతలు. ఒంటరిగా రాలేను. శ్రమ ఇచ్చినందుకు క్షమించండి.' పుట్టి బుద్ధెరిగాక ఆయన ఇంకొకరికి కాదని చెప్పడం అదే మొదలనుకుంటాను. స్టాంపు నేనే అంటించాను, ఊరికే.

తరువాత కౌంటరు మీది కరపత్రాల కట్ట ముందుకు లాక్కున్నాడు. ఒక్కొక్కదాని మీద 'వలయాకారం' కొట్టేసి 'వెళ్లిన దారినే రావాలి' అని రాస్తున్నాడు. అక్కడితో ఆగలేదు. 'మధ్యస్థం' కూడా కొట్టేసి 'కష్టం' అని రాశాడు.

"అదేంటండీ? మిట్టలు అవే, బురదా అదే. కష్టమెక్కడొచ్చింది?"

ఆయన తలెత్తలేదు. రెండో కాగితం తీసుకున్నాడు.

"గేటు దగ్గర వెనక్కి తిరగాలి కదమ్మా" అన్నాడు.