శుక్రవారం టేపు

పన్నెండేళ్ల కిందట, ఒక జూన్ నెలలో, నన్ను హిందూపురం కంప్యూటర్ కేంద్రానికి సీనియర్ సిస్టమ్స్ అధికారిగా వేశారు. చేనేత కుటుంబాలకు వైద్య సహాయం అందించే సంస్థ అది. సభ్యుల జాబితా మొత్తం ఒక పాత మెయిన్‌ఫ్రేమ్ యంత్రంలో ఉండేది. నేను పెనుకొండ నుంచి రోజూ పొద్దున ప్యాసింజర్ రైల్లో వెళ్లేవాణ్ణి.

ఈ వృత్తి తెలియనివారికి ఒక మాట. ఫైలు ఎప్పుడైనా పాడవుతుందని దాన్ని టేపు మీదికి నకలు తీసి ఉంచుతాం. ఒక్కో నకలును ఒక జనరేషన్ అంటాం. అన్నిటికంటే కొత్తది సున్నా, దానికి ముందుది మైనస్ ఒకటి. ఫైలు పాడైనప్పుడు వీటిలో ఒకటి వెనక్కి తెచ్చుకోవడం పెద్ద విద్య కాదు. ఏది తేవాలో తేల్చడమే అసలు పని.

మా దగ్గర పొద్దున పదిన్నరకు ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి నకలు తీయాలని నియమం. పదకొండింటికి ఒక ప్రోగ్రాము గడియారాన్ని బట్టి దానంతటదే మొదలై సభ్యుల కార్డుల్లోని చిరునామాలు సవరించేది. నకలు మాత్రం ఆపరేటరు చేత్తో టేపు ఎక్కించి తీసి, వేళను రిజిస్టరులో రాయాలి. టేపు లేబుల్‌లో తేదీ ఉండేది, గంట ఉండేది కాదు.

ఒక శుక్రవారం ఆ పదకొండు గంటల ప్రోగ్రాము దెబ్బతీసింది. ముందురోజు దానిలో చేసిన ఒక చిన్న మార్పు వల్ల, కార్డుల్లో కుటుంబ సభ్యుల పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. రెండు గంటలకు సంగతి బయటపడింది. ఐదింటికల్లా ఆసుపత్రులకు కొత్త జాబితా పోవాలి.

అంతలో ధర్మవరం శాఖ నుంచి ఫోను. నాగభూషణం అనే పట్టుచీరల నేతగాడు. భార్య బెంగళూరు ఆసుపత్రిలో ఉంది, మర్నాడు పొద్దున గుండె ఆపరేషను. కార్డులో ఆమె పేరు లేదని తెలిసి, ఆ పొద్దున తొమ్మిదింటికే శాఖలో చేర్పించాడు. ఇప్పుడు చూస్తే మళ్లీ లేదు. జాబితాలో పేరు రాకపోతే ఆపరేషను వచ్చే నెలకు పోతుంది. అన్నాళ్లు ఆగడానికి లేదని డాక్టరు ముందే చెప్పాడట.

“కతలన్నీ నాకొద్దు సార్. మా ఆడమనిషి పేరు ఉంటాదా, ఉండదా? ఒక్క మాట చెప్పండి” అన్నాడు.

ఉంటుందన్నాను. ఎలాగన్నది అప్పటికి నాకూ తెలియదు.

మేనేజరుగారు సున్నా వేయమన్నారు. రిజిస్టరులో పదిన్నర అని ఉంది, ప్రోగ్రాము నడిచింది పదకొండుకు, కాబట్టి ఆ నకలు మంచిదే, పొద్దున చేర్చిన పేర్లు కూడా అందులో ఉంటాయి అన్నది ఆయన వాదన. కాగితం మీద అందులో తప్పు లేదు. మైనస్ ఒకటి, అంటే గురువారం సాయంత్రపు నకలు వేస్తే, శుక్రవారం పేర్లన్నీ మళ్లీ కొట్టాలి. మాకున్న రెండు టేపు డ్రైవుల్లో ఒకటి మరమ్మతులో ఉంది. ఒక టేపులోని నకలును యంత్రంలోకి దింపడానికి గంటన్నర. తప్పు టేపు వేస్తే ఐదింటిలోపు రెండోది దింపే వీలులేదు.

మా క్రైస్తవ సంఘంలో బైబిలు వాక్యం చదివేటప్పుడు, ఏ మాటైనా ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తేలేదాకా అర్థం చెప్పనిచ్చేవారు కాదు మా పెద్దలు. చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన ఆ అలవాటుతోనే ఆపరేటరు ఓబులేసును పిలిచాను.

“ఏమప్పా, ఈ టేపు ఎన్ని గంటలకు ఎక్కించినావు?”

“రాసినా కదా సార్, పదిన్నర.”

“రాసింది చూసినాలే. ఎక్కించింది ఎప్పుడు?”

ఓబులేసు మేనేజరుగారి వైపు చూసి, గొంతు తగ్గించాడు. “శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండుదాకా రాహుకాలం సార్. ఆ యాళలో ఎట్ల ఎక్కిస్తా? పన్నెండు దాటినాక ఎక్కించినా. రూలు పదిన్నర కదా అని రిజిస్టరులో అట్లే రాస్తాండా.”

“రాహువు మన స్టాఫులో లేడయ్యా!” అని మేనేజరుగారు అరిచారు.

“రెండేండ్లలో నా టేపు ఒక్కటన్నా ఇరుక్కుందా సార్, మీరే చెప్పండి” అన్నాడు ఓబులేసు. నిజానికి ఇరుక్కోలేదు.

అతని నమ్మకాన్ని నేను ఎగతాళి చేయలేదు. ఆదివారం డ్యూటీ పడినప్పుడు ఆరాధన ముగిసేదాకా నేనూ యంత్రం ముట్టేవాణ్ణి కాదు. కాకపోతే పన్నెండుకు వస్తే పన్నెండనే రాసేవాణ్ణి. ఓబులేసు తప్పల్లా రాతలోనే ఉంది.

ఇక తేల్చుకోవడానికేమీ మిగల్లేదు. సున్నా అనుకున్నది పేర్లు పోయాక తీసిన నకలు. ఒక్క నిమిషం కళ్లు మూసుకొని ప్రార్థించి, మైనస్ ఒకటి ఎక్కించమన్నాను. బాధ్యత నాదని కాగితం మీద సంతకం పెట్టాను.

టేపు దిగుతుండగానే ధర్మవరం శాఖ గుమాస్తా రమాదేవి, పొద్దున చేర్చిన దరఖాస్తులను ఫోన్లో చదివింది. ఇక్కడ నేనూ ఓబులేసూ వేరే ఫైల్లోకి కొట్టాం. ఆమె వెనక జనం మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. “మాది ముందు చదువమ్మా” అని ఎవరో అంటే, “ఆయప్పది కానీ ముందు, పెండ్లాం ఆసుపత్రిలో ఉండాది” అని ఇంకెవరో గదిమారు. నాగభూషణం భార్య పేరే మొదట కొట్టాను. మూడున్నర దాటాక టేపు దిగింది. రెండు ఫైళ్లు కలిపి, ఆ పేరు తెర మీద చూసుకొని, ఐదుకు పది నిమిషాలుండగా జాబితా పంపాం. మర్నాడు ఆపరేషను జరిగింది.

సోమవారం నాడు, ఆ శుక్రవారం టేపును విడిగా వేరే చోట దింపి చూశాం. కుటుంబ సభ్యుల పేర్లున్నచోట అన్నీ ఖాళీలే. ఆ వారమే నేను రెండు మార్పులు చేయించాను. నకలు పూర్తయినట్టు యంత్రమే నిర్ధారించుకుంటే తప్ప సవరణ ప్రోగ్రాము మొదలు కాకూడదు. శుక్రవారం నకలు పదింటికే తీయాలి. రెండోదానికి ఓబులేసు రెండు చేతులా నమస్కారం పెట్టాడు.

నకలుకు విలువనిచ్చేది అది కొత్తదా పాతదా అన్నది కాదు, చెడిపోకముందు తీశారా, తర్వాత తీశారా అన్నది. ఆ సంగతి లేబుల్ చెప్పదు, రిజిస్టరు ఒక్కోసారి తప్పు చెబుతుంది. టేపు ఎక్కించిన మనిషిని, అతను భయపడకుండా నిజం చెప్పేలా అడగాలి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను ఏ టేపునూ అలా అడగకుండా దింపలేదు.