ఎక్కంలో ఉన్న దగ్గు

ఒక్క చేత్తో రెండు పుచ్చకాయలు పట్టుకోలేమంటారు. ఆ పంతులమ్మ చేతిలో ఏకంగా ఐదు. ఒకటే గది, ఒకటే తలుపు, అందులోనే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ. తూర్పు గోడ నల్లబల్ల వైపు తిరిగి చిన్నవాళ్లు, పడమటి గోడ వైపు తిరిగి పెద్దవాళ్లు, మధ్యలో అటూ ఇటూ కాని మూడో తరగతి. ఆవిడ నడుమ నిలబడి, ఇటు ‘అ’ దిద్దించి, అటు తిరిగి భాగహారం చెప్పి, మధ్యవాళ్ల చేత పద్యం అప్పజెప్పించుకుని, మళ్లీ ఇటు తిరిగేది. ఇన్నేళ్లుగా ఆ గదిని నడిపించింది ఆవిడ గొంతే. ఎవరైనా లెక్క దగ్గర ఆగిపోయి బిక్కమొహం వేస్తే, "నీళ్లు తాగి రా నాన్నా, లెక్క ఎక్కడికీ పారిపోదు" అనేది. కసురుకోవడం ఆ గొంతుకి చేతకాదు.

ఆ గొంతే బొంగురుపోయింది. జలుబేలే అనుకుంది. నెల తిరిగినా తగ్గకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"ఈ దగ్గు ఎప్పటినుంచమ్మా?" అన్నాడాయన, లైటు వేసి చూస్తూ.

"గుర్తులేదండీ. ఎప్పుడూ ఉన్నదే."

"బరువులు మోసేవాళ్ల అరచేతులు కాయలు కాసినట్టు మీ గొంతు కాయలు కాసింది. వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. తగ్గిందా, సరే. తగ్గలేదా, పాఠాలు చెప్పడం మానేసి ఆఫీసులో కూర్చునే పనేదైనా చూసుకోవాలి."

ఇంటికొచ్చి ఆ సంగతి కాగితం మీద రాసి చూపిస్తే అత్తగారు కళ్లజోడు సవరించుకుని చదివింది. "చెట్టు కాస్తే చూశాను, పాదు కాస్తే చూశాను. గొంతు కాయడం మాత్రం నీ దగ్గరే చూస్తున్నానే తల్లీ!" అని నవ్వించబోయి, వేణ్ణీళ్ల వంకతో లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. "సెలవు పెట్టరాదూ?" అంది వచ్చి.

కోడలు తల అడ్డంగా ఊపింది. తాను సెలవు పెడితే బడికి తాళమే. దేవుడి ముందు నిలబడి, ‘నా గొంతు సంగతి నీ ఇష్టం తండ్రీ, ఆ పిల్లల చదువు మాత్రం నడిమధ్య వదిలెయ్యకు’ అని వేడుకుంది. పెదవులు కదిలాయని గమనించి, ఇదీ మాట్లాడటం కిందికే వస్తుందేమోనని గబుక్కున నోరు మూసుకుంది.

సోమవారం రెండు బల్లల మీదా ఒకటే మాట రాసింది: "ఈ వారం నాకు మాట లేదు. మీకుంది."

ఐదో తరగతి పిల్ల ఒకతి, అందరూ పెద్దక్క అని పిలిచేది, పైకి చదివింది.

"ఎవరి మీద అలిగారు టీచర్?" అన్నాడు మూడో తరగతి వాడొకడు.

"నీ మీదే. పద్యం అప్పజెప్పలేదుగా నిన్న!"

"నిన్న ఆదివారంరా మొద్దూ!"

ఇంకేముంది, గది చేపల బజారైపోయింది. ఆవిడ చప్పట్లు కొడితే వాళ్లూ కొట్టారు. వేలు పెదవుల మీద పెడితే వాళ్లూ పెట్టి కిసుక్కున నవ్వారు. సాయంత్రం తాళం వేస్తూ, గొంతు లేని పంతులమ్మ బావి లేని చేదలాంటిదే కదా, డాక్టరు చెప్పిన ఆ ఆఫీసు కుర్చీ ఎక్కడుందో చూసుకోవాల్సిందేనా అనుకుంది.

మంగళవారం రొద కొంత సద్దుమణిగింది. అల్లరి మీద పిల్లలకే మొహం మొత్తినట్టుంది. బుధవారం ఆవిడ పెద్దవాళ్ల పుస్తకాలు దిద్దుతుంటే వెనక నుంచి వినిపించింది: "నీళ్లు తాగి రా నాన్నా, లెక్క ఎక్కడికీ పారిపోదు."

ఉలిక్కిపడి తిరిగింది. పెద్దక్క, రెండో తరగతి వాడి ముందు గొంతుక్కూర్చుని, వాడి తల నిమురుతోంది. వాడు కళ్లు తుడుచుకుని కుండ దగ్గరికి వెళ్లి, నీళ్లు తాగొచ్చి, లెక్క చేశాడు. అటుపక్క నాలుగో తరగతి పిల్లవాడు పలక పట్టుకుని ‘క’కి తలకట్టు ఎలా పెట్టాలో ఒకటో తరగతి వాళ్లకి చూపిస్తున్నాడు, అచ్చం ఆవిడలాగే సుద్దముక్క చిటికెన వేలికి తగలకుండా పట్టుకుని. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ తనకేసి చూడటం కూడా లేదు.

గురువారం ఐదో తరగతి వాడొకడు పడమటి బల్ల దగ్గర పెద్ద భాగహారం చేస్తూ ఆగిపోయాడు. ఏడెనిమిదులు ఎంతో తట్టలేదు. తల గోక్కున్నాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు. ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టింది.

తూర్పు గోడ వైపు కూర్చున్న ఒకటో తరగతి బుడ్డిది, దిద్దుతున్న పలక మీంచి తలెత్తకుండానే, వెనక్కి తిరగకుండానే అందించింది: "ఏడెనిమిదులు... ఖం... యాభై ఆరు."

ఆ పిల్లకి ఇంకా రెండో ఎక్కమే మొదలుపెట్టలేదు!

ఎవరూ నవ్వలేదు. బల్ల దగ్గరి వాడు, "ఆఁ, ఖం, యాభై ఆరు" అని వేసుకుని ముందుకెళ్లిపోయాడు. నిలుచున్నచోటే ఉండిపోయింది పంతులమ్మ ఒక్కతే. బల్ల మీద రాసింది: "మధ్యలో ఆ దగ్గెందుకు?"

పెద్దక్క చదివి, వింతగా చూసింది. "అది ఎక్కంలో ఉంది కదా టీచర్!"

"దగ్గకపోతే తప్పు" అన్నాడు మూడో తరగతి వాడు.

శనివారం డాక్టరు మళ్లీ లైటు వేసి చూశాడు. "నయమేనమ్మా, కాయలు కరుగుతున్నాయి. ఇంక మాట్లాడొచ్చు, కానీ సగానికి సగం తగ్గించాలి. ఐదు తరగతులకీ మీరొక్కరే చెప్పడం కుదరదు."

"ఐదింటికీ నేనే ఎక్కడ చెబుతున్నానండీ?" అంది ఆవిడ. వారం తర్వాత వచ్చిన మొదటి మాట అదే.

చప్పరించే బిళ్లలు రాసిచ్చాడు. మందుల షాపాయన ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు జుట్టు పలచబడింది. "బాగున్నారా టీచర్" అని చీటీ చూసి, "రోజుకి ఎనిమిది, వారానికి కదూ... ఏడెనిమిదులు... ఖం... యాభై ఆరు" అంటూ డబ్బా కోసం అటు తిరిగాడు. తాను దగ్గినట్టు అతనికి తెలియనే తెలియదు.

ఆవిడ కౌంటరు పట్టుకుని నిలబడింది. కాయలు కాసింది నిన్నమొన్న. ఇతను బడి వదిలి ఎన్నేళ్లయిందని! మరి ఈ దగ్గు ఎప్పటిది? అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటి గదిలోనే, గోడకేసి తిరిగి పలక దిద్దుకుంటున్న చిన్నపిల్లగా తాను. వెనక ఎక్కడో పెద్దవాళ్లకి ఏడో ఎక్కం చెబుతున్న ముసలి మాస్టారు. ఏడెనిమిదుల దగ్గర ఆయన గొంతు సవరించుకునేవారు. ఆయన మొహం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆయనకెవరు నేర్పారో! అది ఎవరి గొంతులో పుట్టి ఇక్కడిదాకా వచ్చిందో పైవాడికే తెలియాలి. అప్రయత్నంగా చేతులు జోడించింది.

"ఏంటి టీచర్, నాకు దండాలేంటి!" అని షాపాయన కంగారుపడ్డాడు.

సోమవారం పిల్లలంతా ఆవిడ నోటికేసి చూస్తూ కూర్చున్నారు, పలకలో మునిగిన బుడ్డిది తప్ప. మెల్లగా, సగం గొంతుతో ఏడో ఎక్కం ఎత్తుకుంది. ఏడెనిమిదుల దగ్గరికొచ్చేసరికి లోపలినుంచి ఏదో పొంగుకొచ్చి మాట ఆగిపోయింది.

బుడ్డిది గోడ వైపు నుంచి తిరిగి చూసింది.

"నీళ్లు తాగి రండి టీచర్. లెక్క ఎక్కడికీ పారిపోదు."

ఆవిడ బుద్ధిగా కుండ దగ్గరికి నడిచింది. గ్లాసు ముంచుతుంటే వెనకాల గదంతా ఒక్కసారిగా గొంతు సవరించుకుంది. "ఖం... యాభై ఆరు. ఏడు తొమ్మిదులు అరవై మూడు..."