ఇసుకలో కెజియా చోటు

మైపాడు తీరాన ఇసుకలో నెత్తళ్లు, ఆ చిన్న చేపలు, ఆరబెట్టే ఆడవాళ్లలో ఎవరి చోటు వారిదే. దానికి కాగితం ఏమీ ఉండదు. పది రోజులు ఖాళీగా కనబడితే పక్కవాళ్ల చేపలు అందులోకి జరుగుతాయి. అందుకే కెజియా పని మానుకుని ఇంట్లో కూర్చున్న రోజు ఏడ్చింది.

దద్దుర్లు మొదలై అప్పటికి ఏడు నెలలు. పొద్దున మెడ మీద లేచినవి మధ్యాహ్నానికి మాయమయ్యేవి, సాయంత్రం చేతుల మీద తేలేవి. చేపల వల్లనని కొందరు, ఎండ వల్లనని కొందరు అన్నారు. ఆమె రెండూ మానేసింది. సముద్రం మీద బతికే భర్త హెన్రీ కూడా ఆమె కోసం ఇంట్లో పప్పుతో సరిపెట్టుకున్నాడు. ఒక్కరోజూ ముఖం ముడుచుకోలేదు.

పని మానుకుని ఏడాదిన్నర గడిచినా దద్దుర్లు పోలేదు. ప్రార్థనలో ఆమె అడిగేది ఒక్కటే, మళ్లీ ఇసుకలోకి పోయే రోజు ఇమ్మని.

చివరికి నెల్లూరులో చర్మం డాక్టరు ఉషారాణి గారికి చూపించుకుంది. రక్తపరీక్ష కాగితం చూసి ఆమె అడిగారు.

"మైపాడులో ఉండి డి విటమిన్ ఇంత తక్కువేందమ్మా? ఎండని యాడ దాచినావు?"

"ఎండ తగిలితే ఎక్కువైతాదని తలుపేసుకున్నా మేడం."

"నీకొచ్చింది ఎండ వల్లా కాదు, చేప వల్లా కాదు. మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండిందా?"

"మా అమ్మకుండింది. వేపాకు నూరి పూసుకునేది."

"కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆ గుణం వస్తాది. ఈ జబ్బున్నోళ్లలో చాలామందికి డి విటమిన్ తక్కువుంటాది. అదే కారణమని చెప్పలేం. దురదకి రోజూ ఒక మాత్ర, డి విటమిన్ వారానికొకటి. కొందరికి బాగా తగ్గతాది, అందరికీ కాదు."

"పనికి పోవచ్చా మేడం?"

"పోమ్మా. నిన్ను ఆపిందెవరు?"

మూడు నెలలకు దద్దుర్లు వారానికి ఒకటి రెండు సార్లకు తగ్గాయి. చోటు పోయుంటుందనుకుంటూనే కెజియా గంపతో ఇసుకలోకి దిగింది.

పక్క చోటు చెంచమ్మది. ఆమె నెత్తళ్లు ఎప్పటి హద్దులోనే ఆగి ఉన్నాయి. అవతల, కెజియా చోటులో, చిరిగిన పాత వల ఒకటి పరిచి ఉంది. నాలుగు మూలలా రాళ్లు.

"ఏందిమే, దొరసానికి ఇప్పటికి తెల్లారిందా?" అంది చెంచమ్మ తల ఎత్తకుండానే. "నీ చోటు కోసం అందరితో కొట్లాడి నా గొంతు పోయింది. ఆ వల తీసేసి నీ చేపలు పరుచుకో."

కెజియా వంగి రాళ్లు తీసింది. మణికట్టు మీద ఒక దద్దురు లేచి ఉంది. దాన్ని కొంగుతో కప్పుకోలేదు. గంప వంచి నెత్తళ్లు చల్లడం మొదలుపెట్టింది.