మలుపు కాడ ఊక సంచులు

కనకయ్య కోరుట్ల మార్కెట్ యార్డులో హమాలీ. నలభై ఎనిమిదేళ్లుంటాయి. నేనూ అదే ముఠాలో ఉన్నాను. పొద్దున ఇద్దరం కలిసే బయలుదేరుతాం. ఆయన ఎక్సెల్ బండి ముందు, నా పాత బండి వెనక. మేడిపల్లి దిక్కున ఉన్న మా ఊరి నుంచి యార్డుకు పద్నాలుగు కిలోమీటర్లు. చూసేవాళ్లు బస్తాలు మోయడమే కష్టమనుకుంటారు. మమ్మల్ని అడిగితే ఆ పద్నాలుగు కిలోమీటర్లే కష్టం.

దారిలో పదకొండు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. ఒక్కదానికీ తెల్ల గీత లేదు. వాటిలో నాలుగు, ఎవరి ఇంటి ముందు వాళ్లు మొరం పోసి సిమెంటు రుద్దుకున్నవే. ఇసుక ట్రాక్టర్లకు వెనక లైటు ఉండదు. లారీవాడు సరిగ్గా వీపు వెనకకు వచ్చి హారన్ కొడతాడు, రోడ్డు దిగి చావమన్నట్టు. కారువాళ్లు తెల్లవారకముందు మబ్బున ఎదురొచ్చినా పెద్ద లైటు దించరు. మన కళ్లు కళ్లు కావు వాళ్లకు. ఇంకొందరుంటారు, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మెడ వాల్చి, రోడ్డు నడుమ తీరుబడిగా పోయేవాళ్లు. వెనక నుంచి హారన్ కొడితే తిరిగి మనల్నే గుర్రుగా చూస్తారు.

ఇవన్నీ ఒకెత్తు, కోతలప్పుడు వడ్లు ఒకెత్తు.

కోత మిషన్ పచ్చి వడ్లనే కోసి పోస్తుంది. కొనుగోలు సెంటర్లో తేమ పదిహేడు శాతానికి దిగితేనే కాంటా పెడతారు. మా ఊళ్లో ఆరబోసుకోవడానికి కల్లం లేదు. తారు రోడ్డు పెనంలా కాలుతుంది కాబట్టి అందరూ రోడ్డు మీదే పోస్తారు. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్లు పెడతారు. పొద్దు గూకితే వడ్లు కుప్ప చేసి, పరదా కప్పి ఇంటికి పోతారు. రాళ్లు మాత్రం పోవు. ఎందుకు తీయలేదని అడిగితే, రేపు మళ్లీ పెట్టాలె గదా అంటారు. వడ్లకు పరదా ఉంది, మనిషికి ఏమీ లేదు.

పోయిన వానాకాలం కోతల్లో అలాంటి రాయికే కనకయ్య బండి తగిలింది. కుడి భుజం బొక్క విరిగింది. పోలీస్ స్టేషన్ నుంచి వచ్చినాయన దవాఖానాలో రెండు ముక్కలు అడిగి, కాగితం మీద సెల్ఫ్ అని రాసుకున్నాడు. అంటే తనంతట తానే పడ్డాడని. కనకయ్యకు బొక్క నొప్పి కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది.

"నాయంత నేను ఎట్ల వడ్డ సార్? రాయికి కాళ్లచ్చి రోడ్డు మీదికి నడిచచ్చిందా?" అన్నాడు.

ఆయన నవ్వి కాగితం మడుచుకుని పోయాడు. నవ్వడానికి అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సీజన్ అంతా కనకయ్య ఇంట్లోనే కూర్చున్నాడు. మా ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. వరసగా రెండు సీజన్లు పూర్తిగా పని చేయనివాడి జాగ ఇంకొకడికి పోతుంది. మా మేస్త్రీ విఠల్ మంచివాడే, అయినా కట్టుబాటు ఆయన చేతిలో లేదు. యాసంగికి, అంటే ఎండాకాలం కోతలకు, తప్పకుండా రావాలని, ఈసారి కూడా రాకపోతే తాను ఆపలేనని ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. జగిత్యాల డాక్టరు కట్టు విప్పుతూ ఇంకో మాట చెప్పాడు. బొక్క అతుక్కుంది, ఎత్తొచ్చు, కానీ మళ్లీ అదే భుజం మీద పడితే బస్తా మాట మరిచిపొమ్మని. అంటే యాసంగి మొత్తం కనకయ్య పడకుండా యార్డుకు పోయి, పడకుండా ఇంటికి రావాలి. అంతే కావలసింది. ఎంత చిన్న కోరికో చూడండి.

ఆయన గురించి ఇంకొంచెం చెప్పాలి. పదిహేనేళ్లప్పుడు సిరిసిల్ల పోయి సాంచాల మీద పనిచేశాడు. ఆ మరమగ్గాల చప్పుడుకు ఎడమ చెవి మందమైంది. తర్వాత ఆరేళ్లు దుబాయిలో రోడ్డు పని. ఇక్కడికి తిరిగొచ్చాక హమాలీ. పెండ్లాం అంజవ్వ బీడీలు చేస్తుంది. గట్టిగా మాట్లాడడం ఆయనకు రాదు. దుబాయి గురించి కూడా ఒకే ఒక్క ముచ్చట చెప్పేవాడు. అక్కడ రోడ్డు మీద జానెడు గుంత తవ్వినా చుట్టూ ఎర్ర రబ్బరు కోన్లు పెట్టేదాకా పని మొదలు పెట్టనిచ్చేవాళ్లు కాదట. బండి తగిలితే కోనే పడుతుంది గానీ మనిషి పడడు.

యాసంగి కోతలు మొదలయ్యాయి. మా దారిలో అన్నిటికన్నా పాపిష్టిది కల్వర్టు దగ్గరి మలుపు. అక్కడ రాధమ్మ వడ్లు పోసేది. ఆమె మొగుడు మస్కట్‌లో ఉంటాడు. రెండెకరాల పని ఆమెదే. కనకయ్య బండి ఆపి రాళ్లు తీయమని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"రాళ్లు తీస్తే వడ్ల మీదికెల్లి లారీ పోతది. వడ్లన్ని నూకైతే నువ్వు కొంటవా అన్నా?" అంది రాధమ్మ.

"వడ్లు పక్కకు పోసుకో చెల్లె."

"పక్కకంటే ఏడ? కల్లం జూపియ్యి, గిప్పుడే ఎత్తుకపోత. నాకేమన్న సరదానా గీ ఎండల?"

కనకయ్య మళ్లీ బండెక్కాడు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, వెంటనే ఆమె చెప్పింది నిజమేనని ఇంకా కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియని కోపం ఉంటుంది చూశారా, అది అన్నిటికన్నా చెడ్డది.

రెండు రోజులకు కనకయ్యకు ఆ దుబాయి కోన్లు గుర్తొచ్చినట్టున్నాయి. యార్డులో పనికిరాని చినిగిన గన్నీ సంచులు ఏరుకున్నాడు. రైస్ మిల్లు వెనక నుంచి ఊక తెచ్చాడు. సంచిని సగానికి కోసి, ఊక పలచగా నింపి, మూతి కుట్టాడు. మేం బస్తా మూతులు కుట్టే పెద్ద సూదితోనే, దాన్ని దబ్బనం అంటాం. సుతిలి దారంతో దగ్గర దగ్గరగా కుట్టు. ముఠాలో ఆయన కుట్టుకు పేరుంది. బస్తా పగిలినా కుట్టు వదలదు. ఒక్కో సంచి దిండులా వచ్చింది. ఒకటి రోడ్డు మీద పెట్టి, దాని మీదుగా బండి తానే తోలి చూశాడు. మెత్తగా దిగబడింది, బండి తొణకలేదు. అలాంటివి ఇరవై ఆరు చేశాడు. వారం పట్టింది. మలుపు దగ్గర రాధమ్మ రాళ్లన్నీ కాలువలోకి దొర్లించి, వాటి జాగలో సంచులు వరసగా పెట్టాడు.

రాధమ్మ మొదట మూతి ముడిచింది. తర్వాత, లావుగా దూరం నుంచే కనిపిస్తున్నాయని, బండ్లు వాటంతటవే పక్కకు పోతున్నాయని మెచ్చుకుంది. అటు పోయేవాళ్లు కనకయ్యను ఆటపట్టించారు. రోడ్డుకు పరుపు పరిచినవ్, మెత్తలు సుత పెట్టినవ్, ఇగ దుప్పటి ఎప్పుడు కప్పుతవని. ఆయన నవ్వేవాడు. ఒకరోజు మా ముందే పాల వ్యాను ఒక సంచి మీదుగా పోయింది. ఊక కొంచెం బయటికి చిమ్మింది, అంతే. ఆ సాయంత్రం కనకయ్య నాతో మలుపు రాగానే దిగి బండి నెట్టుకుపోవాలనిపించేదని, ఇప్పుడది పోయిందని చెప్పాడు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. బస్తాలు ఎత్తుతున్నాడు, భుజం ఆగుతోంది. విఠల్ కూడా ఇక భయం లేదన్నాడు.

పదమూడో రోజు సాయంత్రం నాలుగున్నరకు తిరిగి వస్తున్నాం. వచ్చేటప్పుడు వడ్లు మా దిక్కే ఉంటాయి. మలుపులో ఎదురుగా లారీ. వెనక ఒక తెల్ల కారు, వదలకుండా హారన్. నేను బ్రేకు తొక్కాను. కనకయ్య తొక్కలేదు. ఆయనకు భయమెందుకు, పక్కన ఉన్నవి తన చేత్తో కుట్టిన సంచులే. ధీమాగా బండిని సంచి మీదికి ఎక్కించాడు.

బండి ముందు చక్రం గాలిలోకి లేచింది. ఆయన వడ్లలో పడ్డాడు, కుడి భుజం కింద పెట్టుకుని.

నేను బండి వదిలేసి ఉరికాను. ఆయన లేచి కూర్చున్నాడు గానీ కుడి చెయ్యి వేలాడుతోంది. మొహం చెమటతో తడిసింది. తన భుజం వైపు చూసుకోలేదు, సంచి వైపే చూస్తున్నాడు.

"గా సంచి కొయ్యి తమ్మీ," అన్నాడు.

సుతిలి కోసే కత్తి నా జేబులో ఉంటుంది. కోశాను. ఊకలోంచి తలకాయంత రాయి బయటికి దొర్లింది.

రాధమ్మ వడ్లలో ఉత్త కాళ్లతో ఉరికి వచ్చింది. రాయిని చూసి ఆగిపోయింది.

"లారీ పోతే గాలికి లేస్తున్నయన్నా. లేచి వడ్లల్ల వడుతున్నయ్," అంది. "బరువుకుంటదని పెట్టిన."

"ఎన్నిట్ల పెట్టినవ్?"

"అన్నిట్ల."

"ఎప్పుడు?"

"నిన్న. కాలువల నువ్వు వడేసినయే తెచ్చిన. సంచులు ఖరాబు గావద్దని కుట్టు సుత నీ లెక్కనే కుట్టిన."

నిజమే. కుట్టు చూశాను, ఆయన కుట్టులాగే ఉంది. ఎవరికీ తెలియనంత బాగా కుట్టింది. రాయి బయట ఉన్నప్పుడు కనీసం కళ్లకు కనబడేది. ఇప్పుడు దిండులో దాచిపెట్టి, మెత్తగా ఉంటుందని పన్నెండు రోజులుగా నమ్మించి మరీ పెట్టినట్టయింది. తిడదామని నోరు తెరిచాను. ఆమె వేళ్ల మీద దబ్బనం గుచ్చుకున్న గాట్లు కనిపించాయి. ఆ కోపం నాలోనే ఉండిపోయింది, ఇంకా ఉంది.

ఎటు నుంచో వస్తున్న ఆటోను ఆపాను, కనకయ్యను లేపబోయాను. ఆయన లేవలేదు. జరిగి జరిగి వడ్లలోంచి రోడ్డు నడుమకు వచ్చి కూర్చున్నాడు, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని.

"అన్ని సంచుల రాళ్లు తీసేదాంక నేను లేవ," అన్నాడు.

ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

రాధమ్మ కొడవలితో ఒక దిక్కు నుంచి, నేను కత్తితో ఒక దిక్కు నుంచి సంచులు కోయడం మొదలుపెట్టాం. ఆటో డ్రైవర్ కూడా దిగాడు. ఇటు లారీలు, అటు బస్సు, నడుమ మోటారు సైకిళ్లు. రోడ్డంతా ఆగిపోయింది. హారన్లు ఆగలేదు. మనిషి విరిగిన చేత్తో ఎదురుగా కూర్చుంటే కూడా హారన్ కొడుతున్నారు. హారన్ కొడితే బొక్క అతుక్కుంటుందా? ఎవరి వేలు వాళ్ల హారన్ మీద, ఎవరి తొందర వాళ్లది. ఆ తెల్ల కారాయన దిగి వచ్చాడు.

"ఏందయ్యా, రోడ్డు మీ అయ్య జాగీరా?" అన్నాడు.

"మా అయ్యది గాదు. మీ అయ్యది సుత గాదు," అన్నాడు కనకయ్య. "దిగినవ్ గదా, అచ్చి రెండు సంచులు కొయ్యి. జల్ది అయితది."

ఆయన కనకయ్యను ఎగాదిగా చూసి, వెనక్కి పోయి, కారెక్కి అద్దం మూసుకున్నాడు. మళ్లీ హారన్ మొదలుపెట్టాడు. బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగి వచ్చి, ఏమీ అడగకుండానే మాతో పాటు రాళ్లు మోశారు. ఇరవై ఆరో సంచి కోసి, రాయి కాలువలో పడేసి, అయిపోయిందని చెప్పాను. అప్పుడు లేచాడు కనకయ్య. ఆటో దాకా నడిచాడు, అక్కడ కళ్లు తిరిగి పడబోతే పట్టుకున్నాం.

జగిత్యాలలో ఎక్స్‌రే తీశారు. ముందు విరిగిన చోటే మళ్లీ విరిగింది, పక్కన ఇంకోటి. రాడ్ వేశారు. డాక్టరు ముందు చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు, ఈసారి అంజవ్వతో చెప్పాడు.

ముఠా కూర్చున్నది పది రోజుల తర్వాత. ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేదు. కనకయ్య జాగ బీర్పూర్ నుంచి అత్తగారింటికి మా దిక్కు వచ్చి ఉంటున్న రాజేశ్ అనే పిలగాడికి ఇచ్చారు. పాతికేళ్లవాడు, బలమున్నవాడు, ఏ తప్పూ లేనివాడు. ఆ మాట కనకయ్యకు చెప్పే పని నా మీద పెట్టారు.

నేను పోయేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంజవ్వ పక్కన బీడీ ఆకు కత్తిరిస్తోంది. చెప్పాను. అంజవ్వ చేతిలో కత్తెర ఆగింది. ఆయన కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో సర్దుకున్నాడు.

"పిలగాడు యే తొవ్వల అస్తడు యార్డుకు?" అని అడిగాడు.

"మన తొవ్వల్నే అన్నా."

"బండి మీదనా?"

"బండి మీదనే."

"మలుపు కాడ మెల్లగ రమ్మని చెప్పు," అన్నాడు. "మెత్తగ కనవడ్డదాని మీదికి అసలే ఎక్కియ్యద్దని చెప్పు."

మరునాడు పొద్దున యార్డు గేటు దగ్గర రాజేశ్‌కు చెప్పాను, ఒక్క మాట కూడా విడిచిపెట్టకుండా. సరే కాకా అన్నాడు. సాయంత్రం పని అయ్యాక వాడు నాకన్నా ముందే బయలుదేరాడు. హెల్మెట్ బండి అద్దానికి తగిలించుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెడ వాల్చి.