మాటకి బెల్లం రాయని మనిషి

అప్పలరాజు బాబాయికి ఫారిన్ వెళ్ళొచ్చాక పొగరెక్కిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ఉదయం కూడా విన్నాను. ఆఫీసుకి వెళ్తూ గవరపాలెంలో టిఫినుకి ఆగితే, అడుగంటిన సాంబారు వాసన ముక్కుకి తగిలింది. గోడ మీద టీవీలో ఒక పెద్ద దేశపు విమానాలు ఒక చిన్న దేశం మీద పొగలు లేపుతున్నాయి. అక్కడి జనాన్ని కాపాడడానికే వెళ్ళాయని యాంకరమ్మ గొంతు చించుకుంటోంది. సాంబారు మాడింది కదా అంటే హోటలతను "సూపరుగుందమ్మా, తినండి" అన్నాడు. పక్క బల్ల దగ్గరి ముసలాయన నవ్వాడు. "అదే మన అప్పలరాజయితే మాడిందని ముందే సెప్పీసేవోడు. దేశాలు తిరిగొచ్చి మర్యాద మర్సిపోయేడు" అన్నాడు. ఊరుకునే మనిషిని కాను కనక ఇడ్లీ చల్లారేదాకా ఆయనతో వాదించాను. అక్కడ చెప్పడానికి వ్యవధి చాలని సంగతి ఇక్కడ రాస్తున్నాను. బాబాయి మర్యాద మరిచిపోలేదు. మర్యాద ఏం చేయగలదో కళ్ళారా చూసి, మానుకున్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. చెరకు వేసే కుటుంబంలో పుట్టి, గల్ఫులో ఒక ఇంట్లో పదేళ్ళు కారు నడిపి, అక్కడి భాష మంచినీళ్ళలా మాట్లాడడం నేర్చాడు. తరవాత ఒక కాంట్రాక్టరు ఆయన్ని అదే భాష మాట్లాడే, యుద్ధం జరుగుతున్న మరో దేశానికి తీసుకెళ్ళాడు. ఎక్కడినుంచో వచ్చి అక్కడ దిగిన ఒక పెద్ద దేశం సైనికులకి వంట చెయ్యడం పని. ఏ దేశం బాబాయ్ అంటే, "ఏ దేశమైతే ఏటి, అంతా ఇసకే" అనేవాడు. తిరిగొచ్చి ఇంటి ముందుగదిలో టిఫిను సెంటరు పెట్టాడు. "ఇయ్యాల సాంబారు కుదర్లేదు, సట్నీతో తినండి" అని ముందే చెప్పే హోటలు మా ఊళ్ళో అదొక్కటే. ఒకసారి ఆడపిల్లవాళ్ళు వచ్చి మా వీధి కుర్రాడి గుణం వాకబు చేస్తే, "మంచోడే. ఆదివారం తాగుతాడు" అనేశాడు. సంబంధం తప్పిపోయింది. ఆ కుర్రాడి తల్లి ఏడాదిపాటు బాబాయి గుమ్మం తొక్కలేదు. పునుగులు మాత్రం ఎవరో ఒకరిచేత తెప్పించుకునేది.

నేనప్పుడు ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, నోరు మాత్రం నిండుగా ఉన్న పిల్లని. ఈ నోటితో నిన్నెవరు చేసుకుంటారే అని అమ్మ రోజూ విసుక్కునేది. బాబాయి ఒక్కడే నన్ను లాయరమ్మా అని పిలిచి, పేపరు నా ముందు పడేసి, కావాలని కయ్యానికి కాలు దువ్వేవాడు. పరాయి దేశం గొడవలోకి సైన్యంతో దూరే హక్కు ఎవరికీ లేదని నా వాదన. ఒక పొద్దున్న దోసె తిరగేస్తూ అడిగాడు.

"పక్కింట్లో ఒకడు పెళ్ళాన్ని సంపేత్తన్నాడు. తలుపు కొట్టవా?"

"కొడతాను. తియ్యకపోతే విరగ్గొడతాను. కానీ వాళ్ళింట్లో నా మంచం వేసుకోను బాబాయ్. వాళ్ళ బీరువా తాళాలు నా బొడ్లో దోపుకోను."

తింటున్నవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. "బాగా సెప్పేవు. మరి నువ్వు ఇలా వచ్చీగానే ఆడు మళ్ళీ కర్ర తీత్తే?"

నేను ఇంకో దోసె వెయ్యమన్నాను.

"నోటికి జవాబు రాకపోతే ఆకలేస్తాదన్నమాట మా లాయరమ్మకి" అన్నాడు.

ఆ సైన్యం అక్కడికి వెళ్ళకూడదని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. అక్కడి పాత పాలకుడి మనుషులు శిబిరం పక్క ఊళ్ళో ఏమేం చేశారో ఊరివాళ్ళే ఆయనకి చెప్పారట. సైనికుల బళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఖర్జూరాలు పంచారట. "అది అబద్ధం కాదు. పంచేరు" అని గట్టిగా అనేవాడు.

అసలు సంగతి ఒక వానాకాలం మధ్యాహ్నం చెప్పాడు. గిరాకీ లేదు. ఇద్దరం మినప్పప్పులో రాళ్ళు ఏరుతున్నాం. ఆ శిబిరానికి ఇచ్చిన దుబాసీ భయపడి ఒకరోజు కనిపించకుండా పోయాడట. ఉల్లిపాయలకీ టమాటాలకీ రోజూ ఊళ్ళోకి వెళ్ళే వంటవాడికి ఆ భాష వచ్చునని తెలిసి, అధికారి బాబాయినే కూచోబెట్టాడు. వారానికోసారి ఊరి పెద్ద, అధికారి ఎదురెదురుగా కూచుని టీ తాగేవారు. మధ్యలో అప్పలరాజు.

"ఆ పెద్దాయన అనీవోడు, 'మీ బళ్ళు మా కాలవ గట్టు తొక్కీసేయి, పొలానికి నీళ్ళు లేవు, ఇంకెన్నాళ్ళుంటారు, మా కుర్రోళ్ళు ఇంక మా మాట ఇనరు' అని. నాను ఆఫీసరుతో ఏటనీవోణ్ణి? 'థ్యాంక్స్ సెప్తన్నాడు సార్. కాలవకి చిన్న రిపేరుందంట.' ఈయన అనీవోడు, 'రోడ్డు మీద బాంబు పెట్టినోణ్ణి అప్పగించకపోతే రోడ్డుపక్క ఇళ్ళు కూల్చేస్తాం' అని. నాను పెద్దాయనతో, 'సారు మీ సాయం అడుగుతున్నాడు మావా' అనీవోణ్ణి."

"అలా ఎందుకు చెప్పావు?"

"మనకలవాటు కాదేటి. నాను పెళ్ళిసంబంధాల మధ్య తిరిగినోణ్ణి. ఇటు ఒకమాటంటే అటు అలాగే సెప్తామా? మాటకి బెల్లం రాసి పంపుతాం. రెండు కుటుంబాలు కలవాల కదా."

నాలుగు నెలలు అలా గడిచాయి. ఊరు తమని ప్రేమిస్తోందని అధికారి పైవాళ్ళకి రాసుకున్నాడు. వీళ్ళు మంచివాళ్ళు, ఎండాకాలం లోపల వెళ్ళిపోతారని ఊరి పెద్ద తనవాళ్ళకి చెప్పుకున్నాడు. ఇద్దరూ బాబాయి భుజం తట్టేవారు. మళ్ళీ రోడ్డు మీద బాంబు పేలి ఒక సైనికుడు చనిపోయాడు. మర్నాడు బుల్‌డోజరు వచ్చింది. రోడ్డువార ఇళ్ళు ఒక్కొక్కటే కూలుతుంటే ఊరి పెద్ద అధికారి వైపు చూడలేదట. నేరుగా బాబాయి దగ్గరికి వచ్చాడట. "వీళ్ళు కూలుస్తామని ముందే అన్నారా?" అని అడిగాడట.

"అన్నారన్నాను. ఎనక్కి తిరిగి కూలిన ఇళ్ళకేసి ఎళ్ళిపోయేడు ఆయన. తిట్టినా బాగుణ్ణు." బాబాయి చేట పక్కన పెట్టేశాడు. "కాలవంటే ఏటో నాకు తెలీదేటి లాయరమ్మా? సెరుకు రైతు కొడుకుని. నీళ్ళు రాకపోతే మనోళ్ళు గునపాలట్టుకుని బయల్దేరతారు. అలాటిది 'చిన్న రిపేరు' అనీసేను."

నేను మామూలుగా ఎగిరిపడ్డాను. తప్పు నీది కాదు, వాళ్ళని అక్కడికి పంపినవాళ్ళది, ఒక దేశాన్ని చక్కబెడతామని వచ్చి వంటవాడి నోటితో మాట్లాడినవాళ్ళది అన్నాను. నా మీద ఆయనకి కోపం రావడం అదే మొదటిసారి.

"ఆళ్ళది ఆళ్ళకుంది. నాది నాకుండనీ. నాది కూడా కాదంటే ఆ ఇళ్ళు ఊరికే పడిపోయినట్టు" అన్నాడు. కాసేపటికి మెత్తబడి, మళ్ళీ చేట అందుకుని, "నీ నోరు పదును తగ్గించుకోమని ఎవులు సెప్పినా ఇనకు" అన్నాడు.

నేను వినలేదు. మా ఊరు జిల్లా కేంద్రం అయ్యాక కొత్త ఆఫీసులు వచ్చాయి. వాటిలో ఒకదానిలో జనం ఇచ్చే అర్జీల సారాంశం రాసి అధికారికి పెట్టడం నా పని. మా సూపరింటెండెంటు "'తమరు దయతో పరిశీలించగలరు' అని రాయండి మేడమ్, ఏం పోయింది" అంటారు. నేను రాయను. ఎలమంచిలి వైపునుంచి ఒకావిడ వచ్చి, "మీవోళ్ళు మూడుసార్లు వత్తామని రాలేదు, ఈసారి వర్షానికి నా ఇల్లుండదు" అంటే, మూడుసార్లు వస్తామని రాలేదనే రాశాను. ఆ అధికారి ముఖం ముడుచుకున్నారు గానీ ఆ సాయంత్రమే వెళ్ళి చూశారు. అదే ధైర్యంతో ఆయన తరవాత వచ్చిన అధికారికీ అలాగే రాస్తే, నన్ను పాత ఫైళ్ళ గదికి మార్పించారు. అక్కడ ఎనిమిది నెలలు దుమ్ము పీల్చి, మళ్ళీ ఈ సీటుకి వచ్చాను. ఇప్పుడూ అలాగే రాస్తున్నాను.

చివరి రోజుల్లో బాబాయి మంచాన పడ్డాడు. సాయంత్రాలు వెళ్ళి పేపరు చదివి వినిపించేదాన్ని. ఏ దేశం ఏ దేశంలోకి దిగిందో వింటూ, "ఈళ్ళకి దుబాసీ ఎవడో మరి. ఉన్నదున్నట్టు సెప్తే బాగుణ్ణు" అనేవాడు. సరిగా చెప్పే మనిషి మధ్యలో ఉంటే ఆ ఊరు నిలిచేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే తనని తాను శిక్షించుకున్నాడు, ఆ నమ్మకంతోనే నన్ను తయారుచేశాడు. నాకు ఆ నమ్మకం సగమే ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని కూచున్నప్పుడల్లా ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చేది. అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడిగేసే నేను, అడగకుండా మింగిన ప్రశ్న అదొక్కటే. కాలవ గురించి ఉన్నదున్నట్టు చెప్పినా సరే, తుపాకులతో వచ్చి దిగినవాడు వినేవాడా బాబాయ్?