పక్క సీటు

భీమిలిలో ఎండుచేపలమ్మే నూకరత్నం కాలి ఎముకకు చీము పట్టింది. పాడైన ముక్కను డాక్టర్లు కోసి తీసేశారు. మిగిలిన ఎముకను రోజూ రవ్వంత జరుపుతూ ఆ ఖాళీ పూడ్చడానికి కాలి చుట్టూ ఇనప రింగులు పెట్టి, ఎముకలోకి గుచ్చిన తీగలతో బిగించారు. ఏడాదిపాటు ఆ కాలితోనే బస్సెక్కి సిటీ ఆస్పత్రికి తిరిగింది. లేచి సీటిచ్చినవాళ్లు బోలెడుమంది. తీగలు గుచ్చుకుంటాయనో, వాసనకో, పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

రింగులు తీసేశాక, తిరుగు బస్సులో అలవాటుకొద్దీ సీటు మధ్యలో కూర్చుంది. ద్వారకా నగర్‌లో బుట్టతో ఎక్కినావిడ మోచేత్తో పొడిచింది.

"సీటంతా నీదేటి పిన్నీ? జరుగు, కూకుంతాను."

నూకరత్నం జరిగింది. భుజం తగలనంత దూరం మాత్రం జరగలేదు.